గ్యాంట్రీ గర్డరు దగ్గర వెల్డు మూడోసారి పగిలింది, సలహా చెప్పండి

షెడ్డు సూపర్‌వైజర్:
సార్, విశాఖ ఆటోనగర్‌లో మా ఫ్యాబ్రికేషన్ షెడ్డు. 10 టన్నుల ఈఓటీ క్రేను (పైన పట్టాల మీద నడిచే కరెంటు క్రేను), కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య 7.5 మీటర్లు. ఆ పట్టాలని మోసే గ్యాంట్రీ గర్డరు ఎత్తు 600 మి.మీ., కాలమ్ బ్రాకెట్ల మీద కూర్చుంది. పక్కకి ఊగకుండా గర్డరు వెబ్‌ని (మధ్యలో నిలువు రేకుని) కాలమ్‌కి 12 మి.మీ. ప్లేటుతో పైనుంచి కిందదాకా వెల్డు చేసేశారు. నాలుగో కాలమ్ దగ్గర ఆ వెల్డు పగలడం ఇది మూడోసారి. ప్రతిసారీ పై అంచు నుంచే మొదలు. గౌజింగ్ చేసి (పగిలిన వెల్డు తవ్వి తీసి) నింపితే ఐదారు నెలలు ఆగుతోంది, అంతే. వెల్డరు తప్పంటున్నారు మేనేజర్‌గారు. ఆ కుర్రాడి పని రోజూ చూసేవాణ్ణి, నాకు నమ్మబుద్ధి కావట్లేదు.

జీడిమెట్ల ఫ్యాబ్:
20 మి.మీ. ప్లేటు వేసి రెండు పక్కలా ఫుల్ వెల్డు కొట్టండి బ్రదర్, కదలదు.

గ్యాంట్రీ డిజైనర్:
దయచేసి ఆ పని చేయొద్దు. ప్లేటు ఎంత మందమైతే పగులు అంత త్వరగా వస్తుంది, ఈసారి వెబ్‌లోకే పాకొచ్చు.

వెల్డరు తప్పు కాదు బాబూ. 50 టన్నుల లోపు కరెంటు క్రేనుకి స్టీలు కట్టడాల కోడు ఐఎస్ 800 ప్రకారం గర్డరు స్పానులో (కాలమ్‌ల మధ్య దూరంలో) 750వ వంతు వంగొచ్చు. మీకది 10 మి.మీ. అందులో 6 మి.మీ. వంగిందనుకోండి. నడుము వంగితే చివర తిరగాలి కదా! మీ 600 మి.మీ. ఎత్తుకి పై ఫ్లాంజి (గర్డరు పైన ఉండే అడ్డ పట్టీ) దాదాపు ఒకటిన్నర మి.మీ. స్పాను మధ్యకి జరుగుతుంది. క్రేను వచ్చిన ప్రతిసారీ ఇదే. దాన్ని మీ ప్లేటు గట్టిగా పట్టుకుంది, అందుకే అలసిపోయి పై నుంచి చీలుతోంది.

పక్కకి పట్టు మాత్రం కావాలి. ట్రాలీ (క్రేను మీద అడ్డంగా నడిచే బండి), ఎత్తిన బరువు కలిపి అందులో 10 శాతం పక్కతోపుగా వస్తుంది. అది పట్టాలని తాకేది పైనే, కాబట్టి పట్టు కూడా పై ఫ్లాంజి దగ్గరే ఉండాలి. రెండు చివరలా పిన్నున్న లింకు పెట్టండి, కాలమ్ దగ్గర కలిసే రెండు గర్డర్లకీ విడివిడిగా. అది లాగుడూ తోపుడూ రెండూ ఆపుతుంది, గర్డరు చివరని మాత్రం తిరగనిస్తుంది. లింకు బిగించకుండా ప్లేటు కోయొద్దు. కోశాక వెబ్‌ని గ్రైండ్ చేసి డీపీ టెస్టు (రంగు ద్రవం పూసి సన్నని పగుళ్లు చూసేది) చేయించండి. అప్పటిదాకా ఆ బేలోకి (షెడ్డులో ఆ కాలమ్‌ల మధ్య భాగంలోకి) క్రేను వెళ్లనివ్వకండి. లింకు సైజు మీ డిజైనర్ చేత లెక్క కట్టించాలి.

షెడ్డు సూపర్‌వైజర్:
సార్, బే మూసేశాం. పోయిన వారం 8 టన్నుల లోడుతో పగిలిన చోట పై ఫ్లాంజికి డయల్ గేజ్ (సన్నని కదలిక కొలిచేది) పెట్టి చూశాం, 1.1 మి.మీ. వెళ్లి తిరిగొచ్చింది. అప్పుడు అర్థం కాలేదు. మేనేజర్‌గారికి ఆ రీడింగ్ చూపించాను. మిగతా కాలమ్‌ల దగ్గరా అదే ప్లేటుంది, వాటికీ లింకులు మార్చాలా?

గ్యాంట్రీ డిజైనర్:
మార్చాలి. ముందు అన్నిటికీ డీపీ చేయించి, పగులు కనిపించినవి మొదట పట్టుకోండి. ఆ వెల్డరు కుర్రాడికి కూడా సంగతి చెప్పండి.