వరదలో మునిగిన ట్రాలీ జాకీ, స్టాండ్లు: నమ్మి కారు కిందికి దూరవచ్చా?

ప్రశ్న (సింగ్‌నగర్, విజయవాడ)

అందరికీ నమస్కారం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా ఇంటి కింది గదిలో ఉన్న 2 టన్నుల ట్రాలీ జాకీ (చక్రాల మీద దొర్లే, నూనె ఒత్తిడితో కారును లేపే జాకీ), లేపిన కారును మోయడానికి దానితో కొన్న రెండు స్టాండ్లు నాలుగైదు రోజులు బురద నీటిలోనే ఉండిపోయాయి. నీరు తీసిన తరువాత కడిగి, ఎండబెట్టి అటక మీద పెట్టేశాను. ఇప్పుడు మా స్విఫ్ట్‌కు ముందు బ్రేకు ప్యాడ్లు నేనే మార్చుకుందామని వాటిని దించాను. జాకీ కారును లేపుతోంది కానీ, పావుగంట అలాగే వదిలి టేపుతో కొలిస్తే దాదాపు రెండు అంగుళాలు కిందికి దిగింది. ఆయిల్ పోసే చోట రబ్బరు బిరడా తీసి చూస్తే లోపల నూనె మజ్జిగలా తెల్లగా ఉంది. స్టాండ్లకు పైపైన తుప్పు పట్టింది.

స్టాండ్లు వేశాక బరువంతా వాటి మీదే ఉంటుంది కనుక, జాకీ కొద్దిగా దిగుతున్నా పని కానివ్వవచ్చా? మా వాకిట్లో పార్కింగ్ టైల్స్ ఉన్నాయి, వీధి వైపు కొంచెం వాలు కూడా ఉంది. మా నాన్నగారు స్టాండ్లతో పని లేదని, రెండు సిమెంటు ఇటుకలు పెట్టుకుంటే చాలని అంటున్నారు. నాకు ధైర్యం చాలడం లేదు.

సమాధానం (ఆటోనగర్, విజయవాడ, మెకానిక్)

ఆ జాకీతో ఈ పని మొదలుపెట్టవద్దు. బరువు స్టాండ్ల మీదకు చేరిన తరువాత జాకీతో పని లేదన్న మాట నిజమే. కానీ స్టాండును సరైన చోటికి జరిపేటప్పుడు బరువంతా జాకీ మీదే ఉంటుంది, మీ చెయ్యి కారు కింద ఉంటుంది. దిగిపోయే జాకీ ప్రమాదం తెచ్చేది సరిగ్గా ఆ అర నిమిషంలోనే.

నూనె తెల్లబడిందంటే అందులో నీరు కలిసిందని అర్థం. ఆ నీటికి లోపలి పిస్టన్ తుప్పు పడుతుంది, గరుకుగా మారిన పిస్టన్ నూనె కారకుండా ఆపే సీళ్లను కోసేస్తుంది. పాత నూనె మొత్తం వంచేసి, జాకీ ఆయిల్ పోసి, జాకీని దించే వాల్వు వదులు చేసి బరువు లేకుండా పదిహేను ఇరవై సార్లు హ్యాండిల్ కొడితే గాలి బయటకు పోతుంది. బ్రేకు ఆయిల్ మాత్రం పోయకండి, దానికి ఆ సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ఇంత చేసినా దిగుతుంటే సీళ్లు మార్పించండి, లేదా కొత్తది కొనుక్కోండి.

నాకు ఎక్కువ భయం మీ స్టాండ్ల గురించే. పైన కనిపించే తుప్పు కన్నా లోపల ఎండి గట్టిపడిన ఒండ్రు మట్టి చెడ్డది. పళ్ల కడ్డీని పైకి లాగినప్పుడు దానిని పట్టే నాలుక పంటి సందులోకి పూర్తిగా పడాలి. సందులో మట్టి ఉంటే నాలుక సగమే కూర్చుంటుంది. బయటి నుంచి చూస్తే పట్టినట్టే ఉంటుంది, బరువు పడగానే జారుతుంది. కడ్డీని బయటకు తీసి, కిరోసిన్‌తో, వైరు బ్రష్షుతో ప్రతి పన్నునూ శుభ్రం చేయండి. టార్చి వేసి నాలుక అడుగు దాకా దిగుతున్నదీ లేనిదీ, కాళ్ల వెల్డింగు దగ్గర పగుళ్లు ఉన్నదీ లేనిదీ చూడండి. ఒక్క పన్ను అరిగి గుండ్రబడినా ఆ స్టాండును పాత ఇనుముకు వేసేయండి. మీ కారు బరువు సుమారు 900 కిలోలు, అందులో సగానికి పైగా ముందు చక్రాల మీదే ఉంటుంది. స్టాండ్ల మీద రాసిన బరువు చాలాసార్లు జతకు చెప్పినది కనుక దాన్ని సగం చేసి లెక్క వేసుకోండి.

సిమెంటు ఇటుక ముందుగా వంగదు, హెచ్చరించదు, ఒక్కసారిగా పగులుతుంది. నాన్నగారికి నా మాటగా చెప్పండి.

సమాధానం (కొరిటెపాడు, గుంటూరు)

మీరు అడిగిన వాలు విషయానికి ఎవరూ జవాబు చెప్పలేదు కనుక నాకు జరిగింది చెబుతాను. మా వాకిట్లో కారు వెనుక భాగం లేపి రెండు స్టాండ్లు పెట్టాను. హ్యాండ్ బ్రేకు వేశాను కదా అని ముందు చక్రాలకు దిమ్మలు పెట్టలేదు. మా కారులో హ్యాండ్ బ్రేకు పట్టేది వెనుక చక్రాలనే, అవి గాలిలో ఉన్నాయి. గేరు కూడా న్యూట్రల్‌లోనే ఉంది. పానా కోసం లోపలికి వెళ్లి వచ్చేలోపు కారు జానెడు ముందుకు జరిగి, స్టాండ్లు రెండూ పక్కకు ఒరిగి, బ్రేకు డ్రమ్ము నేలకు గుద్దుకుంది. మా పెద్దవాడు అప్పటిదాకా అక్కడే కూర్చుని చూస్తున్నాడు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి.

మీరు ముందు భాగం లేపుతున్నారు కాబట్టి హ్యాండ్ బ్రేకు పనికొస్తుంది. అయినా వెనుక చక్రాలు రెండింటికీ ముందూ వెనుకా చెక్క దిమ్మలు పెట్టండి. ఇంకొక సంగతి, జాకీ చెయ్యి వంపుగా లేస్తుంది కనుక లేపే కొద్దీ జాకీ తన చక్రాల మీద కొంచెం దొర్లాలి. ఆ చక్రాలు టైల్స్ సందులో ఇరుక్కుంటే కారే పక్కకు లాగబడుతుంది. వాలు లేని, నున్నటి కాంక్రీటు నేల తెలిసిన వారి సెల్లారులో దొరికితే అక్కడికే తీసుకెళ్లండి. మాది నల్లరేగడి, వాన పడితే స్టాండు కాళ్లు దిగబడతాయి, అందుకే నేను ఒక్కో స్టాండు కింద 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క వేస్తాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. స్టాండ్లు విప్పి చూస్తే ఒకదానిలో మూడు పళ్ల సందుల్లో మట్టి రాయిలా గట్టిపడి ఉంది. రెండూ పక్కన పడేశాను, కొత్తవి కొంటున్నాను. బావగారి అపార్టుమెంటు సెల్లారులో నేల చదునుగా ఉంది, అక్కడ చేస్తాను. స్టాండ్లు ఎక్కడ పెట్టాలి?

సమాధానం (ఆటోనగర్, మెకానిక్)

మంచి పని చేశారు. ముందు చక్రం వెనుక, డోరు కింది రేకు అంచులో రెండు చిన్న గాట్లు కనిపిస్తాయి, ఆ రెండింటి మధ్యే స్టాండు రావాలి. పైన గాడి ఉన్న రబ్బరు దిమ్మ పెడితే అంచు వంగదు. జాకీని మాత్రం కారు మాన్యువల్‌లో ట్రాలీ జాకీకి చూపిన చోట పెట్టండి, ఇంజను అడుగున నూనె ఉండే ఆయిల్ ఛాంబరుకు ఆనించకండి. కారు నేల మీద ఉండగానే వీల్ నట్లు అర చుట్టు వదులు చేయండి. స్టాండ్ల మీదకు మెల్లగా దించాక, తల లోపల పెట్టకముందే, ఫెండరు (చక్రం పైనున్న రేకు) పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. ఊడదీసిన చక్రాన్ని, స్టాండు జారినా అడ్డుగా ఉండేలా, డోరు కింద పడుకోబెట్టండి. పని అయ్యాక నట్లను కారు దించిన తరువాతే పూర్తిగా బిగించండి, కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా బ్రేకు నాలుగైదు సార్లు తొక్కండి, లేకపోతే మొదటిసారి తొక్కినప్పుడు బ్రేకు పట్టదు.