ముల్కనూరు సొసైటీ నిలబడింది ఒక్క మనిషి వల్లా, కట్టుబాటు వల్లా?

పొలంగట్టు:
సహకార సంఘాల మాట వస్తే మా నాన్న ముల్కనూరు పేరెత్తుతారు. అప్పటి కరీంనగర్ జిల్లా, భీమదేవరపల్లి మండలం. 1956లో 373 మంది సభ్యులు, 2,300 రూపాయల వాటాధనంతో మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు అది. చుట్టుపక్కల 14 ఊళ్ల రైతులకు అప్పు, ఎరువు, విత్తనం, పంట అమ్మకం అన్నీ అక్కడే. ఇదంతా దాన్ని స్థాపించిన అలిగిరెడ్డి కాశీవిశ్వనాథ రెడ్డి గారి చలువ అని నా నమ్మకం. అలాంటి మనిషి లేని ఊళ్లో ఇది సాధ్యమేనా?

కాంటా:
అన్నా, ఆయన లేకపోతే అది పుట్టేది కాదు, ఒప్పుకుంటా. కానీ ఆయన తర్వాత కూడా నడిచింది కదా. అప్పిచ్చేదీ పంట అమ్మిపెట్టేదీ ఒకే సంఘం కావడం అసలు బలం. ధాన్యం కాంటా మీదికి వచ్చినప్పుడే బాకీ పట్టుకుంటారు. సభ్యుల పొదుపు కూడా అందులోనే ఉంటుంది కాబట్టి, ఎగ్గొడితే మునిగేది పక్కింటివాళ్ల డబ్బు.

మిగతా ఊళ్ల సొసైటీలకు డబ్బు పైనుంచి వచ్చింది. రైతుల అప్పుల్లో సహకార సంఘాల వంతు 3 శాతం చిల్లరేనని 1954లో నివేదిక ఇచ్చిన అఖిల భారత గ్రామీణ పరపతి (రుణ) సర్వే తేల్చి, సంఘాల్లో ప్రభుత్వమే వాటా పెట్టాలంది. వాటాతోపాటు పెత్తనమూ వచ్చింది. ఎన్నికైన పాలకవర్గాన్ని తీసేసి అధికారిని కూర్చోబెట్టడం మనం చూసిందే. పైనుంచి వచ్చిన డబ్బు మీద ఊరికి మమకారం ఎక్కడ ఉంటుంది? మాఫీ ఎప్పుడొస్తుందా అని చూడటమే.

మాగాణి:
కాంటా గారూ, మా ఊరి సొసైటీకి కూడా కట్టుబాట్లు రాసే ఉన్నాయి. అయినా మా నాన్న తీసుకోని అప్పు ఆయన పేరు మీద పడింది. నాలుగేళ్లు తిరిగాం, ఆ టెన్షన్‌తోనే ఆయన ఆరోగ్యం దెబ్బతింది. నిజాయితీ గల మనిషి లేనప్పుడు రాసిన నియమం ఎవరిని కాపాడుతుంది? ఇంకో మాట. మా దగ్గర పట్టాదారు పాస్‌బుక్ చూసే అప్పిస్తారు. మరి కౌలు రైతు ఎక్కడికి పోవాలి?

కాంటా:
మీ నాన్నగారి సంగతి చదివి బాధేసింది. కౌలు రైతు గురించి మీరన్నది నిజం, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ అదే ముల్కనూరులో ఆడవాళ్లు చేసింది చూడండి. కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ (సీడీఎఫ్) అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో ఊరూరా పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. ప్రభుత్వ వాటా, పెత్తనం లేకుండా సంఘాలు నడుపుకోవచ్చని 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఆ చట్టం కిందే 2000లో వాళ్ల పాల డెయిరీ మొదలైంది. ఇప్పుడు మనం స్వకృషి పేరుతో కొంటున్న పాలు అవే. అందులో చేరడానికి కావాల్సింది గేదె, పాస్‌బుక్ కాదు. అక్కడ ఒక్క పెద్దమనిషి పేరు చెప్పగలరా?

ఒకటి అడుగుతాను. మీ సొసైటీ మహాసభలో ఎవరి పేరున ఎంత అప్పుందో చదివేవారా?

మాగాణి:
చదవలేదండీ. మహాసభ ఎప్పుడు జరిగిందో కూడా మా నాన్నకు తెలియదు. రిజిస్టర్‌లో మాత్రం ప్రతి సంవత్సరం ఆయన సంతకం ఉంది.