రెండు కంపెనీల బోగీలు కలిపితే వంపులో పట్టాలు తప్పుతున్నాయి

నాది హెచ్‌ఓ సైజు మోడల్ రైలు లేఅవుట్, 16.5 మి.మీ. గేజు (పట్టాల మధ్య దూరం). పాత బోగీలు నాలుగు ఒక కంపెనీవి, కొత్తవి రెండు ఇంకో కంపెనీవి. వేటికవి విడిగా హాయిగా తిరుగుతాయి. కలిపానా, 360 మి.మీ. వ్యాసార్ధం వంపులో పాత బోగీ వెనక చక్రం మెల్లగా పైకి లేచి టక్కున పక్కకి పడుతుంది. ఇంజను వెనక నుంచి నెడుతుంటే మరీనూ!

రెండూ లూప్ కప్లింగులే (బోగీలను కలిపే లూపు, కొక్కెం), కానీ కొత్తదాని కొక్కెం సుమారు ఒక మిల్లీమీటరు కిందికి ఉంది. కొత్తవాటికి ఎన్‌ఈఎం 362 సాకెట్ (కప్లింగు గుచ్చే ప్రామాణిక గూడు) ఉంది కాబట్టి కప్లింగు లాగి మార్చేయొచ్చు. పాతవాటికి చక్రాల ఫ్రేముకే రివెట్ కొట్టేశారు. పైగా అవి అగ్గిపెట్టెలంత తేలిక.

ముందు బరువు అతికించి చూడాలా? లేక ఒక కొత్త బోగీకి మాత్రం ఒక చివర వేరే ఎత్తు కప్లింగు పెట్టి, దాన్ని పాతవాటికీ కొత్తవాటికీ మధ్యలో నడపాలా? రివెట్ కోయడానికి చెయ్యి రావట్లేదండీ. ఎవరైనా చేసి చూశారా?