అప్‌డేట్: చలికాలపు గల్ బ్లాక్-హెడెడా, బ్రౌన్-హెడెడా?

చెవి దగ్గర నల్లమచ్చ తప్ప తలంతా తెల్లగా ఉన్న గల్ (నీటి ఒడ్డున తిరిగే పక్షి) ఈ రెండు జాతుల్లో ఏదని అడిగాను కదా, తేలింది: మొదటి చలికాలపు (ఏడాది నిండని) బ్రౌన్-హెడెడ్. కూర్చున్న ఫొటోలతో లాభం లేదు. పెద్ద బ్రౌన్-హెడెడ్‌ని గుర్తుపట్టడానికైతే లేత రంగు కన్ను చాలు. పిల్లపక్షికి రెండు జాతుల్లోనూ కన్ను ముదురే. ముక్కు లావు సంగతి, రెండూ పక్కపక్కన ఉంటేనే నమ్మాలి.

తేల్చేది విప్పిన రెక్క. బ్లాక్-హెడెడ్‌కి రెక్క ముందంచు వెంట తెల్లపట్టీ దాదాపు కొసదాకా పోతుంది, పిల్లపక్షిలో దాని మీద నల్లగీతలున్నా సరే. నేను చూసిన పక్షికి రెక్క కొసంతా నలుపే. పెద్ద బ్రౌన్-హెడెడ్‌లకు రెక్క కొసన ఉండే తెల్లమచ్చలు ఈ వయసులో రావు, అవి లేవని బ్రౌన్-హెడెడ్‌ని కొట్టేయకండి.

ఫొటోకి షట్టర్ 1/2000 సెకను, ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు) 0.7 స్టాప్ తక్కువ. ఎండలో తెలుపు మరీ వెలిగిపోయి వివరాలు చెరిగిపోతే పట్టీ ఎక్కడ ఆగిందో కనపడదు.