ఉమ్మడి హద్దులో కాంక్రీటు స్తంభాలకు చెక్క రీపర్లు: డ్రిల్ వేయాలా, క్లాంపు బిగించాలా?

గట్టుమీద
రెండిళ్ల మధ్య హద్దు మీద 100 మి.మీ. చదరపు కాంక్రీటు స్తంభాలున్నాయి. నేల పైన 1.8 మీటర్ల ఎత్తు, స్తంభానికీ స్తంభానికీ 2 మీటర్లు, మధ్యలో అల్లిక వైరు. ఒకవైపు 50×38 రీపర్లు నిలువుగా బిగించి పలకలు కొట్టాలి. స్క్రూలా, యూ-బోల్టులా?

చువ్వలెక్క
డ్రిల్ వద్దండి. అంత సన్నటి స్తంభంలో మూలల్లో ఉండే చువ్వల మీద కాంక్రీటు రెండు సెంటీమీటర్లు ఉంటే గొప్ప. రంధ్రంలోంచి నీరు చువ్వకు చేరితే తుప్పు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటు లోపలినుంచే పగిలి పెచ్చులూడుతుంది. ప్రీస్ట్రెస్డ్ స్తంభమైతే, అంటే లోపల వైర్లు లాగి బిగించి పోసినదైతే, ఇంకా ప్రమాదం: బిగువు మీదున్న వైరు తెగితే ఆ భాగంలో బలం పోయినట్టే. స్తంభానికి నాలుగు యూ-బోల్టులు, 8 మి.మీ. గాల్వనైజ్డ్‌వి, చాలు. రేపు విప్పేసినా మచ్చ ఉండదు.

ఉలిబాడిస
మూలల్లో చువ్వలుంటే మూలల్లో ఎవరు డ్రిల్ చేస్తారు? నడిమి గీత మీద చేస్తే రెండు అంచులకూ 50 మి.మీ. దూరం, చువ్వలకూ దూరం. స్తంభాలు పగిలేది ఎక్కువగా యాంకర్ బోల్టుల వల్ల. అవి లోపల విచ్చుకుని పట్టుకుంటాయి, సన్నటి స్తంభం ఆ తోపుడుకే చీలుతుంది. మరలు తానే కోసుకునే 7.5 మి.మీ. కాంక్రీటు స్క్రూకు ఆ తోపుడు చాలా తక్కువ.

6 మి.మీ. బిట్టు తీసుకుని 60 మి.మీ. దగ్గర టేపు చుట్టండి. మొదట హామర్ ఆపేసి గుంట పడేవరకు తిప్పితే అంచు పెచ్చు లేవదు. 92 మి.మీ. స్క్రూలో రీపరుకు 38, రీపరుకూ స్తంభానికీ మధ్య సందు కోసం పెట్టే స్పేసరుకు 6 పోగా 48 కాంక్రీటులోకి దిగుతుంది. రంధ్రంలో పొడి ఊది పారేయాలి, లేకపోతే స్క్రూ సగంలోనే బిగుసుకుంటుంది. చివరి రెండు చుట్లు చేత్తో తిప్పండి. ఇంపాక్ట్ డ్రైవరుతో లాగితే కాంక్రీటులో మర అరిగి స్క్రూ ఊరికే తిరుగుతుంది, ఇక ఆ రంధ్రం పనికిరాదు. కొసల నుంచి 150 వదిలి, సుమారు 450కి ఒకటి.

బిట్టు ముందుకు పోక చప్పుడు మారితే ఇనుము తగిలినట్టే, ఆపేయండి. అది నిలువు చువ్వలను చుట్టి కట్టిన అడ్డరింగయితే 40 మి.మీ. పైకో కిందికో జరిగితే తప్పుకుంటుంది. ఆ పాత రంధ్రాన్ని ఎపాక్సీతో పూడ్చండి. అక్కడా తగిలిందంటే నడుమనే నిలువు చువ్వ ఉందని అర్థం. అప్పుడు మాత్రం చువ్వలెక్క గారి దారే.

పక్కింటివైపు
ఒక సంగతి ఎవరూ అనట్లేదు. స్క్రూ స్తంభానికి మీ వైపు ముఖంలోనే ఉండిపోతుంది. యూ-బోల్టు వీపు మాత్రం పొరుగువారి వైపు తేలుతుంది. హద్దు గీత స్తంభం మధ్యలోంచి పోతే అది వాళ్ల జాగాలోకి 8 మి.మీ. వెళ్లడమే. స్తంభం ఉమ్మడిదైతే రెండు పద్ధతులకూ వాళ్ల ఒప్పుకోలు కావాలి. వాళ్లదొక్కరిదే అయితే రంధ్రం నష్టం కిందికి వస్తుంది. దస్తావేజు చూసి, ఏ పద్ధతి, ఎంత ఎత్తు, విప్పితే ఎవరు పూడ్చాలి అన్నది ఒక కాగితం మీద రాసుకోండి.

చువ్వలెక్క
అది నిజమే, ఒప్పుకుంటాను. అయినా 8 మి.మీ. కడ్డీ విప్పితే పోతుంది, రంధ్రం పోదు.

గాలివాటు
ఇద్దరూ బిగింపు దగ్గరే ఆగిపోయారు. అల్లిక వైరులోంచి గాలి దూరిపోతుంది, పలకల్లోంచి పోదు. గంటకు 100 కి.మీ. గాలికి చదరపు మీటరు మీద దాదాపు 48 కిలోల తోపుడు. ఒక్కో స్తంభం వాటా 3.6 చదరపు మీటర్లు, అంటే 170 కిలోల పైమాటే. వైరు కోసం పాతిన స్తంభం స్క్రూ దగ్గర ఊడదండీ, నేల దగ్గర విరుగుతుంది, లేదా పునాదితో సహా ఒరుగుతుంది. స్తంభాన్ని మొదలు దగ్గర వంచే బలం ఎత్తు వర్గంతో పెరుగుతుంది కాబట్టి పలకలు 1.2 మీటర్ల దగ్గర ఆపితే అది సగానికి తక్కువే. పైన ఇంకో అడుగు జాలీ పెడదామనుకునేవారు ఈ లెక్క తిరగేసి చూసుకోవాలి.

గట్టుమీద
1.2 సరిపోతుంది. పలకలు ఇరుగ్గా కాక సందు వదిలి కొడితే?

గాలివాటు
తగ్గుతుంది, కానీ పలక వెడల్పులో పదో వంతు సందుకు పెద్దగా కాదు. మూడో వంతు వదలండి.

ఉలిబాడిస
స్పేసరు ఎగ్గొట్టకండి. రీపరు కాంక్రీటుకు ఆనుకుంటే ఆ సందులో తేమ ఆరదు, వెనకనుంచి కుళ్లుతుంది. కింది కొసను నేలకు 50 మి.మీ. పైన ఆపి, కోసిన చోటల్లా మందు పూయండి. రాగి మందు ఎక్కించిన కర్రకు మామూలు జింకు పూత స్క్రూలు త్వరగా తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ వాడండి.

చువ్వలెక్క
యూ-బోల్టు వాడేవారికి: నట్టు కింద వెడల్పాటి వాషర్ వేయండి, లేకపోతే నట్టు కర్రలోకి దిగబడుతుంది. కర్ర ఆరి కుంచించుకుంటే నట్లు వదులవుతాయి, మొదటి ఎండాకాలం తర్వాత మళ్లీ బిగించాలి. గాడి స్తంభాల్లో పలక గాడిలోనే కూర్చుంటుంది కనుక బోల్టు చుట్టూ తిప్పడానికి దారుండదు, పలక అంచు చెక్కాలి. అక్కడ గాడి పెదవులు సన్నవి, డ్రిల్ పెడితే ఊడొస్తాయి.

ఇంకొకటి. స్తంభం మూల వెంబడి నిలువుగా వెంట్రుక మందం చీలిక గానీ తుప్పు మరక గానీ కనిపిస్తే లోపల చువ్వ ఇప్పటికే తుప్పు పట్టింది. దానికి స్క్రూ వద్దు, బోల్టూ వద్దు, ముందు ఆ స్తంభం మార్చండి.