కోర్తెజ్ సముద్రాన్ని వదిలే ముందు వీడ్కోలు యాత్ర చేయాలా, నేరుగా బయలుదేరాలా?

నీలిచాప:
మేమిద్దరం కొన్నేళ్లుగా మెక్సికోలోని లా పాజ్ కేంద్రంగా, కోర్తెజ్ సముద్రంలో (కాలిఫోర్నియా సింధుశాఖ అనేదీ దీన్నే) తెరచాప పడవ మీదే కాపురం ఉంటున్నాం. వచ్చే మార్చి నెలాఖరున పసిఫిక్ దాటి ఫ్రెంచ్ పాలినేషియాలోని మార్కేసాస్ దీవులకు బయలుదేరాలని నిశ్చయించుకున్నాం. ఆ విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. పేచీ అంతా దానికి ముందున్న రెండు నెలల గురించే. జనవరిలో ఉత్తరంగా లొరెతో ఊరు దాటి బహియా కన్సెప్సియోన్ అఖాతం దాకా వెళ్లి, మనసుకు నచ్చిన ప్రతి లంగరు తావులోనూ ఒక్క రాత్రయినా గడిపి రావాలని మావారి పట్టు. ఆ రెండు నెలలూ లా పాజ్‌లోనే ఉండి పడవను మహాసముద్రానికి సిద్ధం చేసుకుని, గాలి అనుకూలించగానే వెళ్లిపోవడం మేలని నా వాదన. ఇస్లా సాన్ ఫ్రాన్సిస్కో దీవిలోని ఆ నెలవంక తీరం మీద నాకు మాత్రం ప్రేమ లేదా? కానీ ప్రత్యేకించి వీడ్కోలు కోసమే ఒక ప్రయాణం అవసరమా, లేక బయలుదేరడాన్ని మర్యాదగా వాయిదా వేసుకోవడానికి అదొక సాకా అని నాకు అనుమానంగా ఉంది. ఈ సముద్రాన్ని వదిలి వెళ్లినవారూ, వెళ్లబోయి ఆగిపోయినవారూ తమ అభిప్రాయం చెప్పగలరు.

ఎదురుగాలి:
నేను మీ పక్షమే, అందుకు మొదటి కారణం క్యాలెండరు. దక్షిణ పసిఫిక్‌లో తుపానుల కాలం ఏప్రిల్‌తో ముగుస్తుంది. మెక్సికో తీరమున్న తూర్పు పసిఫిక్‌లో హరికేన్ల కాలం అధికారికంగా మే 15న మొదలవుతుంది. మార్కేసాస్‌కు తుపానుల బెడద అరుదు కాబట్టి కాస్త ముందుగా చేరినా ఫర్వాలేదు గానీ, మెక్సికో నుంచి ఆలస్యంగా బయలుదేరితే మాత్రం హరికేన్లు పుట్టే నీళ్లలో నుంచే వెళ్లవలసి వస్తుంది. దూరం సుమారు 2,800 నాటికల్ మైళ్లు. మామూలు పడవకు మూడు నాలుగు వారాల పని.

ఇక జనవరి, ఫిబ్రవరి నెలల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. అమెరికా పశ్చిమాన గ్రేట్ బేసిన్ అనే ఎడారి ప్రాంతం మీద అధిక పీడనం బలపడినప్పుడల్లా ఈ ఇరుకు సముద్రం పొడవునా ఉత్తరపు గాలి 25 నాట్లకు (గంటకు 25 నాటికల్ మైళ్లకు) పైబడి రెండు మూడు రోజులపాటు ఆగకుండా వీస్తుంది. ఆ అలలు మరీ ఎత్తు కాకపోయినా, ఒకదాని వెనుకే ఒకటి దగ్గర దగ్గరగా నిటారుగా వచ్చి పడవ ముక్కును బాదుతూ వేగాన్ని చంపేస్తాయి. మీవారు వెళ్లాలనుకుంటున్నది సరిగ్గా ఆ గాలికి ఎదురుగానే. సగం రోజులు ఏదో ఒక కొండ చాటున కూర్చుని గాలి ఎప్పుడు తగ్గుతుందా అని చూడటంతోనే సరిపోతుంది. దాన్ని వీడ్కోలు అనడం కన్నా నిరీక్షణ అనడమే సబబు.

చుక్కాని:
ఎదురుగాలి గారు చెప్పిన వాతావరణమంతా నిజమే, కానీ ఆ వాతావరణమే నన్ను మీవారి పక్షానికి చేరుస్తోంది. లా పాజ్‌లో లంగరు వేసిన పడవలు పోటుపాటుల ప్రవాహం ఒకవైపు, గాలి మరోవైపు లాగుతుంటే తమ గొలుసుల చుట్టూ తామే తిరుగుతుంటాయి. అక్కడి పడవవాళ్లు దానికి ‘లా పాజ్ వాల్ట్జ్’ అని ముద్దుపేరు కూడా పెట్టారు. ఆ నాట్యానికి అలవాటుపడ్డ పడవ క్రమంగా ఇల్లయిపోతుంది. డెక్కు మీదికి పాడిల్ బోర్డులు చేరుతాయి, అరల్లో తాళ్లతో కట్టని పుస్తకాలు చేరుతాయి, రాత్రి కాపలా వంతులు ఎలా వేసుకునేవాళ్లమో ఇద్దరూ మరిచిపోతారు. అలాంటి పడవను రేవులో కూర్చోబెట్టి ఎంత తనిఖీ చేసినా, కదిలితే తప్ప బయటపడని లోపాలు కొన్ని ఉంటాయి.

ఉదాహరణకు డీజిల్ ట్యాంకు తీసుకోండి. నిశ్చలమైన నీళ్లలో దాని అడుగున పేరుకున్న మడ్డి ఎవరి జోలికీ రాదు. మొదటి ఉత్తరపు గాలిలో పడవ ఎగిరెగిరి పడగానే ఆ మడ్డి కదిలి, పైకి లేచి, ఫిల్టరుకు అడ్డం పడి, ఇంజిన్ అవసరమైన క్షణంలోనే ఆగిపోతుంది. ఆ సంఘటన సాన్ ఎవరిస్తో అనే జాలరి పల్లెకు కూతవేటు దూరంలో జరిగితే తెరచాపతో లోపలికి వెళ్లి, లంగరు వేసుకుని, తీరికగా ట్యాంకు కడుక్కోవచ్చు. భూమధ్యరేఖ దగ్గర గాలి చచ్చిన నీళ్లలో జరిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా? తెరచాప స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగల సంగతీ అంతే. తీగ కొసన బిగించిన లోహపు గొట్టంలోకి పోగులు దూరే చోట, భూతద్దం పెట్టి చూసినా కనబడనంత సన్నని పగులు మొదలవుతుంది. దూది ఉండను తీగ వెంబడి పైనుంచి కిందికి రుద్దితే, తెగిన పోగు ఉన్నచోట దూది చిక్కుకుంటుంది. ఈ పరీక్షను బయలుదేరే ముందు ఒకసారి, రెండు నెలలు గాలిలో తిరిగొచ్చాక మరోసారి చేసేవారికి ఉండే ధైర్యం, రేవులో ఒక్కసారి చేసి ఊరుకున్నవారికి ఎక్కడిది?

తిరుగు ప్రయాణం మాట ఎవరూ ఎత్తలేదు. ఉత్తరానికి వెళ్లేటప్పుడు ముఖాన కొట్టిన గాలే దక్షిణానికి వచ్చేటప్పుడు వీపు మీద ఉంటుంది. ముందు తెరచాపను దూలంతో పక్కకు నిలబెట్టి, చుక్కానిని గాలి దిశను బట్టి తిప్పే యంత్రానికి అప్పజెప్పి, రోజంతా వెనుక గాలితో దిగిరావడం మార్కేసాస్ దారిలో వ్యాపార పవనాల మీద చేయబోయే పనే. దాన్ని సాధన చేసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు వారికి దొరకదు. పైగా ఫిబ్రవరిలో లొరెతో పరిసరాలకు నీలి తిమింగలాలు వస్తాయి. ఇది వాదన కాదని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

రేవుబాట:
వెళ్లబోయి ఆగిపోయినవారిలో నేనొకణ్ణి కాబట్టి ఒక్క మాట. ఇంతగా ప్రేమించే చోటును అసలు ఎందుకు వదలాలి? దక్షిణాన కాబో పుల్మో చూడండి. 1995లో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించి, చేపల వేటను అక్కడివారే మానుకున్నాక, 1999 నుంచి 2009 మధ్య చేపల మొత్తం బరువు 460 శాతానికి పైగా పెరిగిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఒకే నీటిలో ఏళ్ల తరబడి మునిగి చూసేవారికే ఇలాంటి మార్పు కళ్లబడుతుంది. ఏటా కొత్త దేశం చేరేవారు అన్నిచోట్లా అతిథులుగానే మిగిలిపోతారు.

ఎదురుగాలి:
రేవుబాట గారూ, వెళ్లాలన్నది వారిద్దరూ తేల్చుకున్న విషయం. దాన్ని మళ్లీ తవ్వవద్దు. చుక్కాని గారి వాదనలో, ముఖ్యంగా వెనుక గాలి సాధన విషయంలో, బలముంది, ఒప్పుకుంటున్నాను. అయితే వారు సమర్థించినది పరీక్షా ప్రయాణాన్ని. మీవారు కోరినది వీడ్కోలు ప్రయాణాన్ని. ఈ రెండింటి నియమాలు వేరు. పరీక్షకు వెళ్లినవారు గాలి ఎటు వీస్తే అటు తిరుగుతారు, ఏదైనా విరిగితే ఆ రోజే వెనక్కి మళ్లుతారు. వీడ్కోలుకు వెళ్లినవారి చేతిలో జాబితా ఉంటుంది. ఆ రాత్రి గాలికి ఏ మాత్రం చాటులేని తావైనా సరే, మళ్లీ రాలేమన్న బెంగతో అక్కడే లంగరు దించుతారు. లొరెతోకు ఉత్తరాన ఏదైనా ముఖ్యమైన భాగం పాడైతే, అది అమెరికా నుంచి రావడానికే మార్చి నెల హరించుకుపోతుంది. ఆ తర్వాత తొందరపడి, సగం పనులతో బయలుదేరుతారు. నా భయమంతా ఆ తొందర గురించే.

పాతలంగరు:
కాగితాల మాట కూడా ఇందులో కలపాలి, ఎందుకంటే వీడ్కోలు ఎప్పుడు చెప్పవచ్చో నిర్ణయించేవి అవే. దేశం విడిచేందుకు ‘జార్పే’ అనే నిష్క్రమణ పత్రం చేతికొచ్చాక నేరుగా సముద్రంలోకి వెళ్లిపోవాలి. దారిలో ఇంకొక తావులో ఆగి ఆఖరి ఈత కొడతామంటే నిబంధనలు ఒప్పుకోవు. చెప్పదలచుకున్నవన్నీ ఆ కాగితానికి ముందే చెప్పేయాలి. రెండోది, పడవకు పదేళ్లకు ఇచ్చే తాత్కాలిక దిగుమతి పత్రం. పడవను తిరిగి మెక్సికో తెచ్చే ఉద్దేశం లేకపోతే దాన్ని వెళ్లేముందు రద్దు చేయించాలి. చేయించకుండా దూరదేశంలో పడవ అమ్మితే, కొన్నవారు ఎప్పుడైనా మెక్సికో వచ్చినప్పుడు పాత పత్రం అడ్డు తగిలి కొత్తది పుట్టదు. తిరుగు దారి మూసేసినట్టుంటుందని దాన్ని రద్దు చేయించడానికి చేతులు రానివారిని నేను చూశాను. నిజానికి ఆ దారిని మూసేది గాలి. మార్కేసాస్ నుంచి వ్యాపార పవనాలకు ఎదురుగా నేరుగా మెక్సికో రావడం మహా కష్టం. సాధారణంగా హవాయి మీదుగా ఉత్తరాన చుట్టి రావలసి ఉంటుంది. కాబట్టి మీవారి బెంగకు ఆధారముంది.

కాకపోతే నా మట్టుకు నేను అఖాతాల కన్నా మనుషులకు చెప్పే వీడ్కోలుకే రెండు నెలలూ కేటాయిస్తాను. నెలవంక తీరం మీరు వచ్చారో రాలేదో పట్టించుకోదు. సాన్ ఎవరిస్తోలో మీకు చేపలిచ్చిన జాలరి మాత్రం వచ్చే శీతాకాలం మీ పడవ కనబడకపోతే మరో పడవవాళ్లను అడుగుతాడు. లా పాజ్‌లో పొద్దున్నే పడవ రేడియో 22వ ఛానెల్ మీద మాట్లాడుకునేవాళ్లూ అడుగుతారు.

నీలిచాప:
అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ మావారికి చదివి వినిపించాను, రేవుబాట గారి మాట కూడా. అది విని ఆయన కాసేపు మాట్లాడలేదు. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. తీగల పరీక్ష, ట్యాంకు శుభ్రం చేయడం జనవరికి ముందే లా పాజ్‌లో జరగాలి. ఆ తర్వాత ఉత్తరానికి వెళ్తాం, కానీ లొరెతో దగ్గరి ప్వెర్టో ఎస్కొందిదో వరకే. బహియా కన్సెప్సియోన్ ఊసు లేదు. జాబితా రాసుకోం. ఏ రాత్రి ఎక్కడ ఆగాలో గాలిని బట్టి ఆ రోజే చూసుకుంటాం. ఏది చూసినా చూడకపోయినా ఫిబ్రవరి ఆఖరికి లా పాజ్ చేరి తీరాలి. సాన్ ఎవరిస్తోలో మాత్రం వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆగుతాం, అది పాతలంగరు గారి మాట మీద. దిగుమతి పత్రం రద్దు సంగతి ఇంకా తేలలేదు. హవాయి మీదుగా ఎప్పటికైనా తిరిగి రావచ్చు కదా, ఉంచేద్దాం అంటారాయన. పడవను అక్కడే అమ్మే అవకాశమే ఎక్కువ కాబట్టి రద్దు చేయించాలని నా మాట.

ఎదురుగాలి:
కన్సెప్సియోన్ తీసేశారు కాబట్టి నాకు అభ్యంతరం లేదు. ట్యాంకు కడిగించినా సరే, ఫిల్టర్లు మాత్రం మీరు అనుకున్నదానికి రెట్టింపు కొనండి. కడిగాక కూడా మూలల్లో మిగిలిన మడ్డి మొదటి గాలికే కదులుతుంది. పత్రం విషయంలో మీ పక్షమే నాది. పడవ అమ్మితే దాని భారం కొన్నవారి మీద పడుతుంది, మీవారి మీద కాదు.