పాత ఇంట్లో కిచెన్ రీమోడల్, ఇద్దరు చిన్నపిల్లలు: పని జరుగుతుంటే ఇంట్లోనే ఉండొచ్చా?

హన్మకొండ, ఇప్పుడు ఎడిసన్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది నయీంనగర్. మావారు న్యూజెర్సీలో ముందు నుంచీ ఉన్నారు, నేను పిల్లలను తీసుకుని వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఈ మధ్యే ఎడిసన్‌లో ఇల్లు కొన్నాం. 1962లో కట్టిన ఇల్లు. వంటగది మరీ పాతది. పోపు వేస్తే చాలు, పొగ ఇల్లంతా నిండి అలారం మోగుతుంది. మొత్తం తీసేసి కొత్తగా చేయిద్దామని ఒక కాంట్రాక్టర్‌తో మాట్లాడాం. ఆరు వారాల్లో అయిపోతుంది, ఇంట్లోనే ఉండొచ్చు అంటున్నాడు. పాపకు నాలుగేళ్లు, బాబుకు పద్నాలుగు నెలలు, ఇప్పుడిప్పుడే నడుస్తున్నాడు. బతుకమ్మ లోపల పూర్తి కావాలని మా ఆశ. సాయానికి అమ్మ వస్తానంటోంది. వంట ఎట్లా చేసుకోవాలి, ఏమేం చూసుకోవాలి? ఇక్కడి పద్ధతులు నాకు అంతగా తెలియవు. ఎవరైనా చెప్పగలరా?

సుబేదారి, ఇప్పుడు ఎడిసన్

చెల్లె, వంట సంగతి తర్వాత. నా కన్ను 1962 దగ్గరే ఆగిపోయింది.

అమెరికాలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం (లెడ్) వాడకాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇల్లు ఏదైనా సరే, పైన కనిపించే కొత్త రంగు కింద పాత పొరల్లో సీసం ఉండొచ్చు. 1960, 1977 మధ్య కట్టిన ఇళ్లలో 24 శాతం, 1940, 1959 మధ్య కట్టినవాటిలో 69 శాతం ఇట్లాంటివేనని ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) లెక్క. ఆ రంగు పెచ్చులూడకుండా గోడకు అంటుకుని ఉన్నంతకాలం దాని జోలికి పోనక్కర్లేదు. గోడ పగలగొట్టినప్పుడు, కిటికీ చట్రం గీకినప్పుడు, పాత క్యాబినెట్లను సాండ్‌పేపర్‌తో రుద్దినప్పుడు అది కంటికి ఆనని దుమ్మవుతుంది. సోఫా మీద, బొమ్మల మీద, నేల మీద పడుతుంది. మీ బాబు వయసు పిల్లలు రోజంతా నేల మీదే ఉంటారు, చేతులు నోట్లోనే ఉంటాయి. కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దవాళ్ల కన్నా చిన్నపిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, పైకి ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే ముందు ఇది చెప్తున్నా.

మన దగ్గర ఇంట్లో పని పెట్టుకుంటే ఎట్లా నడుస్తుందో నీకు తెలుసు. పొయ్యి వెనక వరండాలోకి మారుతుంది, పక్క వాటావాళ్లు ఓ పూట కూర పంపిస్తారు, పిల్లలు ఇసుక కుప్ప మీద ఆడుకుంటారు. ఇటుక గోడలు, తెరిచి ఉన్న కిటికీలు. ఇక్కడ ఇల్లు చెక్క చట్రానికి జిప్సమ్ పలకలు కొట్టి కట్టింది. సెంట్రల్ ఏసీ, హీటర్ ఉంటే వాటి గాలి అన్ని గదులకూ గొట్టాల్లోంచే పోతుంది. వంటింట్లో లేచిన దుమ్ము ఆ గొట్టాల్లో పడితే మేడమీద పిల్లలు పడుకునే గదికి చేరుతుంది. కాబట్టి అక్కడి లెక్క ఇక్కడ వేసుకోవద్దు.

ముందు రంగు టెస్ట్ చేయించు. కిటికీ చట్రాలు, తలుపు చట్రాలు, పాత చెక్క క్యాబినెట్లు తప్పకుండా చూడాలి. 1978కి ముందు కట్టిన ఇంట్లో, ఒక గదిలో ఆరు చదరపు అడుగులకు మించి రంగు వేసిన భాగాన్ని కదిలించే పని డబ్బు తీసుకుని ఎవరు చేసినా, వాళ్లకు ఈపీఏ లెడ్ సేఫ్ సర్టిఫికెట్ ఉండాలి. 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమం ఇది. పని మొదలుపెట్టే ముందు దీని గురించిన చిన్న పుస్తకం కూడా మీ చేతికివ్వాలి. మీ కాంట్రాక్టర్‌ను ఆ సర్టిఫికెట్ చూపించమను. 'ఏం కాదు మేడమ్, ఎన్ని ఇళ్లు చేశాం' అన్నాడంటే ఇంకొకరిని చూసుకోండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పడొద్దు.

నేల కూడా చూడు. తొమ్మిది అంగుళాల చదరపు పలకలు, వాటి కింద నల్లటి జిగురు ఉంటే అందులో ఆస్బెస్టాస్ అనే ఊపిరితిత్తులకు చేటు చేసే పీచు ఉండొచ్చు. వాటిని పగలగొట్టనీయకు, ల్యాబ్‌లో పరీక్ష చేయించాకే ముట్టుకోవాలి. బాగున్న పలకలైతే కదిలించకుండా వాటి మీదే కొత్త ఫ్లోరింగ్ వేయించుకోవడం మేలు.

ఇక ఇంట్లో ఉండాలా వద్దా అంటే, నా మాట ఇది: పగలగొట్టే రోజుల్లో ఉండొద్దు. టెస్టులో సీసం లేదని వచ్చినా సరే, ఆ రోజులు పిల్లలను తీసుకుని తెలిసినవాళ్ల ఇంటికో, హోటల్‌కో వెళ్లండి. సీసం ఉందని వస్తే పనంతా అయ్యి, శుభ్రం చేసి, దుమ్ము శాంపిల్ ల్యాబ్‌కు పంపి, రిపోర్టు బాగుందని వచ్చాకే పిల్లలు ఇంట్లోకి రావాలి. ఖర్చే, కాదనను. మార్బుల్ తగ్గించుకుని అయినా ఈ ఖర్చు పెట్టుకోవాలంటాను.

బాబుకు సీసం రక్తపరీక్ష అయ్యిందా? న్యూజెర్సీలో పిల్లలకు ఏడాది వయసులో ఒకసారి, రెండేళ్లకు ఇంకోసారి చేస్తారు. మీరు వచ్చి ఏడాది కూడా కాలేదు కాబట్టి తప్పిపోయి ఉండొచ్చు, డాక్టర్‌ను అడుగు. పని మొదలయ్యే ముందే చేయిస్తే తర్వాత పోల్చుకోవడానికి ఉంటుంది. డెసిలీటరు రక్తంలో సీసం 3.5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే పట్టించుకోవాలని 2021 నుంచి సీడీసీ (ఇక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ) చెప్తోంది. అన్నట్టు, ఊరి నుంచి తెచ్చిన కాటుక పిల్లలకు పెడుతుంటే మానేయండి. కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో కూడా సీసం ఉంటుంది.

హన్మకొండ, ఇప్పుడు ఎడిసన్

అక్కా, ఇదంతా మాకు ఎవరూ చెప్పలేదు. రాత్రి మావారికి చదివి వినిపించాను. క్యాబినెట్ మూలల్లో మూడు నాలుగు పొరల రంగు కనిపిస్తోంది, కిటికీ దగ్గర పెచ్చులు కూడా ఉన్నాయి. ముందు టెస్ట్ చేయిస్తాం. సీసం లేదని వస్తే, పగలగొట్టడం అయ్యాక తిరిగొచ్చి మిగతా రోజులు ఇంట్లోనే ఉంటాం. బేస్‌మెంట్‌లో బట్టలు ఉతికే దగ్గర ఒక సింక్ ఉంది. అక్కడ వంట పెట్టుకోవచ్చా? మా దగ్గర చిన్న గ్యాస్ స్టవ్ కూడా ఉంది.

కాజీపేట, ఇప్పుడు పిస్కాటవే

అమ్మా, గ్యాస్ స్టవ్ బేస్‌మెంట్‌లో వెలిగించొద్దు. ఆ చిన్న సిలిండర్ స్టవ్‌లు ఆరుబయట వాడటానికే. గాలి ఆడని చోట కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు. సిలిండర్ కూడా ఇంటి లోపల పెట్టుకోకూడదు.

ఇండక్షన్ స్టవ్ తెచ్చుకోండి. ఇక్కడ మామూలు ప్లగ్గు 120 వోల్టులు, 15 ఆంపియర్లు. అంటే ఆ లైను మొత్తానికి 1800 వాట్లే. ఇండక్షన్ ఒక్కటే అంత లాగుతుంది. అదే లైను మీద రైస్ కుక్కర్ పెడితే బ్రేకర్ పడిపోతుంది. ఏ ప్లగ్గు ఏ బ్రేకర్ కిందికి వస్తుందో ముందే చూసి, ఇండక్షన్‌ను ఒక లైను మీద, కుక్కర్‌ను, మైక్రోవేవ్‌ను వేరే లైన్ల మీద పెట్టండి. ఎక్స్‌టెన్షన్ వైర్లు వద్దు. ఫ్రిజ్‌కు కూడా విడిగా చోటు చూసుకోండి. మన అల్యూమినియం ప్రెషర్ కుక్కర్ ఇండక్షన్ మీద పనిచేయదు. అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నెలు ఏవేవి ఉన్నాయో ఇప్పుడే చూసుకోండి.

గిన్నె దించాక కూడా ఆ గాజు పలక కాసేపు కాలుతూనే ఉంటుంది. పాపకు అందని ఎత్తులో, గోడ వైపు జరిపి పెట్టండి, వైరు కిందికి వేలాడనీయకండి. బేస్‌మెంట్ మెట్ల దగ్గర పైనా కిందా గేట్లు బిగించండి, బాబు వయసు అదే కదా.

సుబేదారి, ఇప్పుడు ఎడిసన్

అన్న చెప్పింది నిజం. వంట విషయంలో నేను చెప్పేది, రోజూ చేసినంత చేయాలని పెట్టుకోకు. పచ్చిపులుసుకు పొయ్యే అక్కర్లేదు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేస్తే అన్నంలోకి ఒక పూట గడుస్తుంది. పెరుగన్నం, అటుకులు, ఊరి నుంచి వచ్చిన సకినాలు ఉండనే ఉన్నాయి. పప్పు, చారు ముందే వండి డబ్బాల్లో ఫ్రీజ్ చేసుకో. గిన్నెలు బాత్‌టబ్‌లో తోమొద్దు, నూనె జిడ్డు పోయి ఆ పైపు పట్టేస్తుంది. బేస్‌మెంట్ సింక్‌లోనే తోముకోండి, మెతుకులు ముందు చెత్తబుట్టలో వేయండి.

వంటింటి ద్వారానికి మందపాటి ప్లాస్టిక్ షీట్, జిప్ ఉన్నది, పై నుంచి నేల దాకా టేపుతో అంటించాలి. పగలగొట్టేటప్పుడు ఏసీ ఆపేసి, వంటింట్లోని గాలి రంధ్రాలు మూసి టేపు వేయాలి. పనివాళ్లు వెనక తలుపు నుంచే రావాలి, హాలు మీదుగా వద్దు. ఇవన్నీ నోటిమాటగా కాకుండా ఒప్పందం కాగితంలో రాయించు. రోజూ సాయంత్రం మీరు తడిబట్టతో తుడవండి. పొడి చీపురుతో ఊడిస్తే సన్నటి దుమ్మంతా మళ్లీ గాల్లోకి లేస్తుంది. వ్యాక్యూమ్ అయితే సన్నటి దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్నదే వాడాలి.

హన్మకొండ

నేను అమెరికాలో చాలా ఏళ్లు ఉండి తిరిగొచ్చి ఇప్పుడు హన్మకొండలోనే ఉంటున్నా. రెండు మాటలు.

మొదటిది మీ అమ్మగారి గురించి. ఆమెను పని జరిగేటప్పుడు రప్పించకండి. పిలిస్తే రేపే బయల్దేరుతుంది, తల్లి మనసు అట్లాంటిది. కానీ విజిటర్ వీసా మీద సాధారణంగా ఒకసారికి ఆరు నెలలే ఇస్తారు. అందులో మొదటి నెలన్నర వంటిల్లు లేని ఇంట్లో, దుమ్ములో, బేస్‌మెంట్ మెట్లు ఎక్కుతూ దిగుతూ గడపాలా? పనంతా అయ్యాక రమ్మనండి. కొత్త వంటింట్లో మనవరాలికి సర్వపిండి చేసి పెడుతుంది. ఆ నెలన్నర మీకు సాయం కావాలంటే అక్కడే పిల్లలను చూసుకునే మనిషిని పెట్టుకోండి.

రెండోది రాయి. కౌంటర్‌టాప్‌కు ఏం అనుకుంటున్నారో రాయలేదు. అక్కడి షాపుల్లో టాన్ బ్రౌన్ అని ముదురు గోధుమరంగు గ్రానైట్ చూపిస్తారు. అది మన కరీంనగర్ క్వారీల రాయి. మన ప్రాంతం రాయి అని చెప్పడం లేదు, మన వంటకు పనికొస్తుందని చెప్తున్నా. వేడి మూకుడు దించి పెట్టినా తట్టుకుంటుంది, పసుపు మరక కనిపించదు. క్వార్ట్జ్‌లో రాతి పొడిని రెజిన్‌ అనే ప్లాస్టిక్ లాంటి జిగురుతో కలిపి చేస్తారు, నేరుగా వేడి గిన్నె పెడితే మచ్చ పడొచ్చు. తెల్ల మార్బుల్ మీద చింతపండు పులుసు పడితే మెరుపు పోతుంది.

ఏ రాయి అయినా కోత పని, సింక్ కన్నం, అన్నీ వాళ్ల షాపులోనే చేసి తేవాలి. మీ ఇంటి ముందు మిషన్ పెట్టి పొడిగా కోయనీయకండి. రాతి దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు. కోసే కార్మికుల ప్రాణాల మీదికి వస్తోందని ఆస్ట్రేలియాలో 2024 జూలై 1 నుంచి ఆ రెజిన్ కలిపిన క్వార్ట్జ్ రాయినే నిషేధించారు. మన కరీంనగర్ వైపు క్వారీల్లో పనిచేసేవాళ్ల దగ్గు విన్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

హన్మకొండ, ఇప్పుడు ఎడిసన్

అన్నా, అమ్మకు ఫోన్‌లో చెప్పాను. మొదట బాధపడింది కానీ ఒప్పుకుంది. చివరిగా ఇంకొకటి. బతుకమ్మ లోపల అవుతుందా? కాంట్రాక్టర్ సగం డబ్బు ముందే అడుగుతున్నాడు.

సుబేదారి, ఇప్పుడు ఎడిసన్

పండుగకు ముడి పెట్టుకోకు చెల్లె. రాయి కొలతలు కింది క్యాబినెట్లు బిగించాకే తీస్తారు. ఆ తర్వాత కోసి తేవడానికి వారం, రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అన్నాళ్లూ పైన సింక్ ఉండదు. మధ్యలో టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టర్ వచ్చి కరెంటు, ప్లంబింగ్ చూసి సరే అనాలి, అప్పటిదాకా గోడ మూయకూడదు. సద్దుల బతుకమ్మ రోజు వాళ్లింట్లోనో వీళ్లింట్లోనో అందరం కలిసే చేసుకుంటాం. ఈ ఏడాది మీ సద్దులు మా ఇంట్లో వండుకుందువు, పిల్లలతో ముందురోజే రా.

డబ్బు మాత్రం సగం ముందే ఇవ్వకండి. కొద్దిగా అడ్వాన్స్, పాతది తీసేశాక కొంత, క్యాబినెట్లు వచ్చాక కొంత, చివరి ఇన్‌స్పెక్షన్ పాసయ్యాకే చివరి చెక్కు. న్యూజెర్సీలో 500 డాలర్లు దాటిన ఇంటి పనికి ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, సంతకం చేసిన ఒప్పందం కాపీ మీ చేతికి అందాక మూడు పనిదినాల్లోపు రద్దు చేసుకునే హక్కు మీకుంటుంది. కాంట్రాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ 13వీహెచ్‌తో మొదలవుతుంది. రాష్ట్ర కన్స్యూమర్ అఫైర్స్ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొట్టి చూడండి. పర్మిట్ అతని పేరు మీదే తీయమనండి.

పొయ్యి మీది హుడ్ గొట్టం ఇంటి బయటికి పోవాలి. పొగను ఫిల్టర్‌లోంచి తిప్పి మళ్లీ గదిలోకే వదిలే రకం మన పోపుకు చాలదు. డ్రాయింగ్‌లో గొట్టం ఎటు పోతుందో చూపించమను. కొత్త స్టవ్ బిగించేటప్పుడు దాని వెనక కాలికి యాంటీ టిప్ బ్రాకెట్ వేశారో లేదో మీరే దగ్గరుండి చూడండి. ఓవెన్ తలుపు తెరిచి పిల్లలు దాని మీద ఎక్కితే స్టవ్ ముందుకు పడిపోతుంది, పైనున్న గిన్నెతో సహా. ఆ బ్రాకెట్ పెట్టెలోనే వస్తుంది, తొందరలో చాలామంది బిగించకుండా వదిలేస్తారు. కొత్త కుళాయి మొదటిసారి వాడే ముందు దాని మూతి జల్లెడ విప్పి కడిగి, చల్లనీళ్లు కాసేపు వదలండి. పైపుల పనిలో కదిలిన చెత్త అందులోనే ఇరుక్కుంటుంది. బాబు పాలకు, అన్నానికి చల్లనీళ్ల కుళాయి నీళ్లే వాడు.

టెస్ట్ రిపోర్ట్ రాగానే ఇక్కడే రాయి, ఏం వచ్చినా సరే.